మావయ్య అడిగిన నీలం

గిలకలదిండి, బందరు,
ఫిబ్రవరి 24, మంగళవారం.

బావకి,

సుమతి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్త, మావయ్య, నేను, పెరట్లో నువ్వు నాటి వెళ్ళిన మునగ మొక్క, అందరం క్షేమంగా ఉన్నాం. అంత దూరాన వెరావల్ రేవులో నువ్వూ, నీ బోటులో వాళ్ళూ బాగున్నారని, వేళకి తింటున్నారని అనుకుంటున్నాను. తినకపోయినా తింటున్నామనే రాస్తావు, ఆ సంగతి నాకు తెలుసు.

నూకరాజు అన్నయ్య వాళ్ళ చెల్లి పెళ్ళికి వస్తూ తెచ్చిన నీ ఉత్తరం నెల రోజులుగా నా దిండు గలీబులోనే ఉంది. డీజిలు వాసన ఇంకా పోలేదు. నడి సముద్రంలో సిగ్నల్ లేని చోట కూర్చుని రాశావు కాబట్టి కాబోలు, ఫోనులో ఐదు నెలలుగా చెప్పని మాటలన్నీ అందులో చెప్పావు. నేనూ అంతే. ఫోనులో నీ చుట్టూ పది మంది, నా పక్కన అత్త. రెండు నిమిషాలు మాట్లాడగానే నీకు వల లాగే పని, నాకు పొయ్యి మీద కూర. అందుకే ఇన్నాళ్ళూ ఆగాను. నూకరాజు అన్నయ్య ఎల్లుండి మళ్ళీ రైలెక్కుతున్నాడు, ఇది అతని చేతికిస్తున్నాను.

నువ్వు అడిగినవి మూడు. వెనక వసారా రేకు ఇంకా కారుతోందా అన్నావు. నూకరాజు అన్నయ్య ఎక్కి తారు పూశాడు. తర్వాత వాన పడలేదు కాబట్టి పని బాగా చేశాడో లేదో ఇప్పుడే చెప్పలేను. రెండోది, ‘కంప్యూటర్లో నా ఆట జోలికి ఎవరూ వెళ్ళలేదుగా?’ అన్నావు. వెళ్ళాం బావా. చాలా లోపలికే వెళ్ళాం. మూడోది, ‘నాన్న ఫోను దగ్గరికి ఎందుకు రాడు?’ అన్నావు. ఇన్నాళ్ళూ ఆయన కొట్టుకెళ్ళారని, స్నానం చేస్తున్నారని నీకు చెప్పినవన్నీ అబద్ధాలు. నీ పేరు తెర మీద కనపడగానే చెప్పులు వెతుక్కుని బయటికి వెళ్ళిపోయేవారు. ఎందుకో చెప్పాలంటే ముందు నీ ఆట సంగతి చెప్పాలి. ఓపిగ్గా వరసగా చదువు. చివరి పేజీ ముందు తిప్పి చూసే అలవాటు నీకుంది, ఈసారి అలా చూడకు.

ఆనందరావు గారు నేను పనిచేసే ఫొటో స్టూడియోకి కొత్తది కొన్నప్పుడు మనకిచ్చేసిన పాత కంప్యూటరు ఇంకా నడుస్తూనే ఉంది. అందులో నువ్వు వేసుకున్న ఆ చేపల ఆట, ఎక్కడో చలిదేశం సముద్రంలో చిన్న బోటు వేసుకుని వేటాడేది, నువ్వు వెళ్ళాక ఒక ఆదివారం తెరిచాను. నీ బోటు నువ్వు ఆపిన చోటే ఉంది. కిందటి ఏడు వేట నిషేధం రెండు నెలలూ నువ్వు దాని ముందు కూర్చుంటే, ‘అసలు సముద్రం మూసేస్తే దొంగ సముద్రంలో దూరాడు’ అని అత్త చీపురు పట్టుకుని తిరగడం గుర్తొచ్చి నవ్వొచ్చింది. కాసేపటికి ఏడుపూ వచ్చింది. తర్వాత నుంచి ఆదివారాలు ఊరికే ఆ బోటు మీద నుంచి నీళ్ళు చూస్తూ కూర్చోవడం అలవాటైంది.

చూసే కొద్దీ ఒళ్ళు మండింది. పెళ్ళి ఆల్బంలో పెళ్ళికూతురి బుగ్గ మీద కొంచెం ఎరుపెక్కితే పట్టుకునే కళ్ళు నావి. ఆ నీళ్ళు నీళ్ళలా లేవు. నీలం ప్లాస్టిక్ పరదా పరిచినట్టున్నాయి. నెట్‌లో వెతికితే నాలాంటి వాళ్ళు వేలమంది ఉన్నారని తెలిసింది. ఆటలో వాళ్ళు పెట్టిన బొమ్మల ఫైళ్ళు తీసేసి, అవే పేర్లతో మనకి నచ్చిన బొమ్మలు పెట్టడమే పని. దాన్ని మోడ్ అంటారు. ఆకాశానికొకటి, అలలకొకటి, బోటు మీద తుప్పుకి కూడా ఒకటి. నాకు పండగలా అనిపించింది. అన్నిటికంటే బాగున్న నీళ్ళ మోడ్ ఒకటి దించి పెట్టేశాను.

మన కంప్యూటరుకి గ్రాఫిక్స్ కార్డు లేదని, ర్యామ్ నాలుగు జీబీయేనని తెలిసి కూడా పెట్టాను. ఇక చూడు, ఫ్యాను గోల పెట్టింది, బోటు ఒక అడుగు వేసి ఒక గుటక మింగింది, తర్వాత తెర మొత్తం నల్లబడింది. ‘పెట్రోలు బంకులో బస్సు నిలబడ్డట్టు నిలబడిందేమే?’ అంది అత్త. ఆట మళ్ళీ మొదటి నుంచి ఎక్కించాల్సి వచ్చింది. కంగారు పడకు, నువ్వు పట్టిన చేపల లెక్క వేరే ఫోల్డర్‌లో ఉంది, ఒక్కటి కూడా పోలేదు. ఆ రోజు నుంచి ఏ ఫైలు ముట్టుకున్నా ముందు దాని నకలు ‘అసలు’ అనే ఫోల్డర్‌లో దాచి, తర్వాతే మారుస్తున్నాను.

ఆనందరావు గారి దగ్గర అటక మీద పాత ర్యామ్ ముక్క ఒకటి దొరికింది. రెండు ముక్కలు జంటగా పెడితే కార్డు లేని కంప్యూటరు కూడా చురుగ్గా నడుస్తుందట, పెట్టి చూస్తే నిజమే. పెద్ద బొమ్మలన్నీ స్టూడియోలో నాలుగో వంతుకి కుదించి తెచ్చాను. నీడలు తీసేశాను. అయినా నీళ్ళ దగ్గరే తంటా. సెకనుకి ఇరవై ఐదు బొమ్మలు కదిలితే గానీ కంటికి ఆట ఆగకుండా నడిచినట్టుండదు. మనకి తొమ్మిది కదులుతున్నాయి. ఎందుకో అర్థం కాలేదు.

అప్పుడొచ్చారు మావయ్య. నా వెనక నిలబడి చాలాసేపు చూశారు. బోటు ఇసకలో కూరుకుపోయిన దగ్గర నుంచి ఆయన ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదని నీకు తెలుసు. అలాంటి మనిషి నోరు విప్పారు.

“ఏ సముద్రం అమ్మాయ్ ఇది?”

“ఏదో చలిదేశం మావయ్యా.”

“నీళ్ళల్లో బోటు నీడ కనపడతందేంటి? మన నీళ్ళల్లో నీ మొహం ఎప్పుడన్నా కనపడిందా నీకు?”

నేను కుర్చీలోంచి లేచిపోయాను బావా. కంప్యూటరు ప్రాణం తీస్తున్నది ఆ నీడే! ఆకాశం, బోటు, కొండలు, అన్నిటినీ నీళ్ళలో తలకిందులుగా మళ్ళీ గీయాలి కదా. దానికి తోడు అడుగున రాళ్ళు కనపడాలి. మన బందరు సముద్రానికి ఆ రెండూ అక్కర్లేదు. బురద నీళ్ళు, నీడ పడదు, అడుగు కనపడదు. రెండూ తీసేసి చూస్తే సెకనుకి ఇరవై ఎనిమిది! మన సముద్రం మన కంప్యూటరుకి సరిగ్గా సరిపోయింది. ‘చూశారా, మీ ఒక్క మాటతో నడిచింది’ అంటే మావయ్య మీసంలో నవ్వుకున్నారు. చాలా రోజుల తర్వాత అదే నవ్వడం.

ఇక ఆదివారం వస్తే ఆయనే ముందు కుర్చీ వేసుకునేవారు. ఒకసారి పొద్దున పదింటికి బోటు తీయబోతే ఆపేశారు.

“ఇప్పుడెట్టా తీస్తావ్? నీళ్ళు లాగేసి ఉన్నయ్యి. కాలవ సముద్రంలో కలిసే మొగలో అడుగు ఆనుద్ది. పోటు రానీ.”

“ఇది ఆట మావయ్యా. ఇందులో పోటు ఉండదు.”

“సముద్రం అంటన్నావ్, పోటు లేదంటన్నావ్. మరింకేం సముద్రం అది?”

మీ నాన్నతో వాదించి గెలిచిన వాళ్ళని నేను చూడలేదు. మధ్యాహ్నం రెండున్నర దాకా కంప్యూటరు ముందు ఇద్దరం కూర్చున్నాం. అత్త అక్కడికే కంచాలు తెచ్చి పెట్టింది, తిట్టుకుంటూనే. రెండున్నరకి లేచి వాకిట్లోకెళ్ళి, గాలి చూసి వచ్చి, ‘ఆఁ, ఇప్పుడు తియ్’ అన్నారు. తీశాను. నిజం చెప్పొద్దూ, ఆ రోజు బోటు ముందెప్పటికంటే బాగా నడిచినట్టే అనిపించింది.

అప్పటి నుంచి నీళ్ళ రంగు మీద పడ్డాం. ఆయన చెప్తుంటే నేను మార్చడం. లోతున్న చోట నీళ్ళకి ఏ రంగు, అడుగున ఇసక మెరక ఉంటే ఏ రంగు, కాలవ నీళ్ళు కలిసే చోట గీత ఎలా ఉంటుంది, ఉత్తరపు గాలి కొడితే ఏమవుతుంది, ఇన్ని సంగతులు ఆ నోట్లో ఉన్నాయని ఈ ఇంట్లో మూడేళ్ళుగా ఉండి కూడా నాకు తెలియదు. నువ్వు ఆయన దగ్గర ఇదంతా నేర్చుకున్నావు కదా, నాకెప్పుడూ ఎందుకు చెప్పలేదు? అడిగితే ‘నీళ్ళంటే నీళ్ళే’ అనేవాడివి.

మొదట నేను మన తీరం రంగే వేశాను, చాయ్‌లో కొంచెం పచ్చ కలిపినట్టు. మావయ్య తల అడ్డంగా ఊపారు. ‘ఇది కాలవ నీళ్ళమ్మాయ్. మట్టి ఎక్కువైంది. నీలం పొయ్యి.’ పోశాను. ‘ఇంకొంచెం.’ ఇంకొంచెం పోశాను. మరుసటి వారం మళ్ళీ ‘ఇంకా మడ్డిగానే ఉంది.’ ఐదు వారాలకి మా పని ముగిసింది. కుర్చీలో వెనక్కి వాలి ‘ఇదీ మన సముద్రం’ అన్నారు. కళ్ళు చెమర్చాయి కూడా. అప్పుడే చేపల తట్ట దించుకుని లోపలికొచ్చిన అత్త చూసి, ‘అదేం నీలం? సిరాబుడ్డి ఒలికిందా?’ అంది.

నాకూ అలాగే ఉంది. కాకపోతే నలభై ఏళ్ళు ఆ నీళ్ళ మీద బతికిన మనిషి కంటే నాకెక్కువ తెలుసా అని ఊరుకున్నాను. మన మానిటరు పాతబడి రంగు తప్పుతోందేమోనన్న అనుమానంతో ఆ బొమ్మ పెన్‌డ్రైవ్‌లో స్టూడియోకి పట్టుకెళ్ళాను. అక్కడ మంచి మానిటరు మీద ఇంకా నీలంగా కనపడింది. ఆనందరావు గారు కళ్ళజోడు పైకి తోసుకుని, “ఏంటమ్మా, అండమాన్లో పెళ్ళా?” అన్నారు. జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయారు.

“మీ మావయ్య గారి కళ్ళు ఎవరికైనా చూపించారా?” అన్నారు. “మా నాన్నగారు చివరి నాలుగేళ్ళు ఫొటోలన్నీ నీలంగా కడిగేవారమ్మా. జనం తిట్టేవారు. ఆయనేమో ‘సరిగ్గానే ఉంది కదరా’ అనేవారు. కంట్లో శుక్లం పసుపురంగు అద్దంలా అడ్డుపడిందని, దాన్ని సరిచేయడానికి ఆయనకి తెలియకుండానే నీలం పోస్తున్నారని, ఆపరేషన్ అయ్యాక గానీ మాకు తెలియలేదు.”

కోనేరు సెంటర్ నుంచి ఇంటికి ఆటోలో ఎలా వచ్చానో నాకు గుర్తు లేదు. దారంతా ఒకటే ఆలోచన. ఇంటికొచ్చి అత్త ముదురు నీలం చీర చూపించి ఏ రంగు మావయ్యా అంటే నలుపన్నారు. లేత పసుపు రవిక తెల్లదన్నారు. ఎప్పుడూ ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి రాస్తాను బావా. మనిద్దరం దాని గురించి ఎప్పుడూ పూర్తిగా మాట్లాడుకోలేదు. నాకు తెలిసింది రాస్తున్నాను, తప్పుంటే దిద్దు. వినాయక చవితి వెళ్ళిన మూడో రోజు, ఓనరు పిచ్చేశ్వరరావు గారి బోటులో వేట ముగించుకుని వస్తున్నారు. స్టీరింగు నీ చేతిలో ఉంది. మావయ్య ముందు నిలబడి చేత్తో దారి చూపిస్తున్నారు. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి మొగ దాటేటప్పుడు ముందున్న మనిషి చెయ్యి ఎటు చూపిస్తే అటే తిప్పాలి, ఎదురు తిప్పకూడదు. అది మన రేవులో పెద్దల నాటి పద్ధతి. ఆయన ఎడమకి చూపించారు. నీకు ఎడమ పక్క నీళ్ళు పాలిపోయినట్టు కనపడ్డాయి, మెరక ఉందనుకుని కుడికి తిప్పావు. అప్పటికే ఆలస్యమైంది. బోటు ఇసకలో దిగబడి అడుగు చెక్కలు విడిపోయాయి. మనుషులందరూ బయటపడ్డారు, అదే పదివేలు.

నువ్వు ఎదురు తిప్పబట్టే ఆనిందని ఆయన, ముందే తిప్పి ఉంటే తప్పేదని నువ్వు. రేవంతా ఆయన వైపే నిలబడింది. చేతికి ఎదురు తిప్పినవాడికి స్టీరింగు ఎవరిస్తారన్నారు. పది రోజులు ఇంట్లో కూర్చుని నువ్వు వెరావల్ వెళ్ళిపోయావు.

సరే, నేను దాచింది ఇది. ఆ సాయంత్రం నువ్వు ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చుంటే, నేను మంచినీళ్ళు ఇచ్చి ‘చేతికి ఎదురు ఎందుకు తిప్పావు బావా?’ అని అడిగాను. నువ్వు గ్లాసు కింద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయావు. ఊరికే అడిగానని తర్వాత సర్దేశాను. ఊరికే కాదు. నేను కూడా తప్పు నీదే అనుకున్నాను. నువ్వు సంచి సర్దుకుంటుంటే వెళ్ళొద్దని నేను ఒక్క మాట అనకపోవడానికి కారణం కూడా అదే. కొన్నాళ్ళు దూరంగా ఉంటే పొగరు తగ్గుతుందనుకున్నాను. ఈ మాట రాయడానికే నాకు నెల పట్టింది.

నూకరాజు అన్నయ్యని బతిమాలి వాళ్ళ అన్న ఫైబర్ బోటులో మొగ దాకా వెళ్ళాను. నీళ్ళు లాగే వేళకే వెళ్ళాం. నీళ్ళంటే భయపడే సుమతేనా అనకు, భయపడుతూనే వెళ్ళాను. మెరక మీద నీళ్ళు, పక్కన లోతు నీళ్ళు, రెండూ పడేలా ఫొటోలు తీశాను. నువ్వు చెప్పిన రంగే. తేడా నాలాంటిదానికి కూడా కనపడింది. ఇంటికొచ్చి ఆటలో రేవులోకి వచ్చే ఇరుకు దారి దగ్గర నీళ్ళకి ఆ ఫొటోల్లో రంగులే వేశాను, అచ్చం మన మొగలా, ఎడమ పక్క మెరక, కుడి పక్క దారి. తర్వాత ఆట మొత్తం మీద ఒక రంగు పొర కప్పాను. శుక్లాలున్న కంటికి లోకం ఎలా కనపడుతుందో నెట్‌లో బొమ్మలు చూసి, ముదురు పసుపు, కొంచెం గోధుమ, పైన మసక. అందరూ ఆట బాగా కనపడాలని మోడ్‌లు పెడతారు. నేను బాగా కనపడకూడదని పెట్టాను. ఒక మీట నొక్కితే పొర పడుతుంది, మళ్ళీ నొక్కితే లేస్తుంది.

మీట నొక్కాను. మెరక మాయమైంది బావా. దారి, ఇసక, అంతా ఒకటే మడ్డి. అక్కడ మెరక గీసింది నేనే, అయినా నాకు కనపడలేదు. స్టీరింగు పట్టుకుని నేరుగా దాని మీదకే వెళ్ళేదాన్ని. మావయ్య అబద్ధం చెప్పలేదని, నువ్వూ చెప్పలేదని ఒకేసారి అర్థమై అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆయనకి చెప్తే మండిపడ్డారు. ‘నా కళ్ళకేమైంది? నీ డబ్బా కళ్ళకే ఏదో అయింది’ అని రెండు రోజులు నేను వడ్డిస్తే తినలేదు. మూడో రోజు ఆయనే వచ్చి కుర్చీ లాక్కుని, ‘ఏదీ, చూపించు’ అన్నారు. అత్త పక్కనే నిలబడింది. మొగ తెరిచి, మీట నొక్కాను. మళ్ళీ నొక్కాను. నొక్కినప్పుడల్లా అత్త ‘అమ్మో’ అంటోంది.

“నొక్కు మరి,” అన్నారు మావయ్య.

“నొక్కుతూనే ఉన్నాను మావయ్యా.”

“ఏం మారింది?”

అత్త ఆయన భుజం పట్టుకుంది. “మారుతోందయ్యా. ఒకసారి ఇసక మెరక తెల్లంగా కనపడతంది, ఒకసారి పోతంది. నీకు కనపట్టంలా?”

ఆయన కళ్ళు నులుముకుని మళ్ళీ తెర వంక చూశారు. తర్వాత చేతులు ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా చెప్పారు.

“మూడేళ్ళ నుంచి మసగ్గా ఉంది. వయసనుకున్నా. ఆ రోజు నీళ్ళన్నీ ఒకటే రంగు. వానలకి కలిసిపోయినయ్యి అనుకున్నా. పాత దారి గుర్తుంది గదా, గుర్తు మీద చెయ్యి చూపించా. వానలకి ఇసక జరిగిందని నాకేం తెలుసు?”

“మరి మసగ్గా ఉందని అప్పుడే చెప్పకపోయావా?” అంది అత్త.

“కనపట్టంలేదన్న మనిషిని ముందు ఎవరు నిలబెడతారే?” అన్నారు. మళ్ళీ ఆయనే, “తప్పు వాడిదో నాదో నాకు తెలవదు. తెలవకుండానే వాడిదన్నా. ఇంక ఏ మొహంతో మాట్టాడను వాడితో?” అన్నారు.

నీ మూడో ప్రశ్నకి జవాబు అదీ బావా.

పన్నెండు రోజుల కిందట బస్సులో గుడివాడ తీసుకెళ్ళి కుడి కంటికి ఆపరేషన్ చేయించాం. అరగంట పని. డాక్టరమ్మ చూసి, ‘ఈ కళ్ళతో సముద్రం మీదకి ఎలా వెళ్ళారండీ తాతగారూ’ అంది. ‘నా కొడుకు స్టీరింగు పట్టుకుంటే వెళ్ళానమ్మా’ అన్నారు. నేను కిటికీ వైపు తిరిగాను. రెండో కన్ను నెల తర్వాత చేస్తారు. దుమ్ము, నీళ్ళు తగలకూడదన్నారు, అందుకని సముద్రం వైపు పంపడం లేదు. తలస్నానం లేదని, చేపల కూరలో కారం తగ్గించిందని అత్త మీద రోజూ గొడవ. అంటే బాగానే ఉన్నారన్నమాట.

పట్టీ తీసిన రోజు ఇంటికొచ్చి ఒక్కొక్కటీ చూసుకుంటూ తిరిగారు. నా చీర చూసి ‘ఇది ఊదా రంగా?’ అన్నారు, చిన్నపిల్లాడిలా. నిన్న మధ్యాహ్నం కంప్యూటరు తియ్యమన్నారు. ముందు ఆయన చేయించుకున్న సముద్రమే తెరిచాను. ఉలిక్కిపడి వెనక్కి జరిగారు.

“ఎవరు పోశారమ్మాయ్ ఇంత నీలం?”

“నువ్వే పోయించావు. ఐదు వారాలు,” అంది అత్త. ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ సముద్రాన్ని చెరపలేదు బావా, ‘మావయ్య’ అని పేరు పెట్టి దాచాను. నువ్వొచ్చాక చూపిస్తాను.

తర్వాత మొగ తెరవమన్నారు. పోటు వచ్చిందో లేదో అడగలేదు, అదొక వింత. కుర్చీలో కూర్చోలేదు. మానిటరు పక్కన, బోటు ముందు నిలబడ్డట్టు నిలబడి, ‘నువ్వు తిప్పు, నేను చూపిస్తా’ అన్నారు. నేను మౌస్ పట్టుకున్నాను. బోటు మొగలోకి వచ్చింది. ఆయన చెయ్యి అలవాటు ప్రకారం ఎడమకి లేచింది. లేచి ఆగిపోయింది. నేను కూడా ఆపేశాను. అత్త పంటి కింద కొంగు పెట్టుకుని చూస్తోంది. ఆ చెయ్యి గాల్లోనే నెమ్మదిగా కుడికి తిరిగింది. నేను కుడికి తిప్పాను. బోటు మెరక పక్క నుంచి లోపలికి వచ్చేసింది.

“ఇక్కడేగా వాడు తిప్పింది,” అన్నారు.

ఇవాళ పొద్దున నల్లద్దాలు పెట్టుకుని, గొడుగు వేసుకుని, నన్ను వెంటబెట్టుకుని పిచ్చేశ్వరరావు గారింటికి వెళ్ళారు. వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళు పదిమంది ఉన్నారక్కడ. కూర్చోమంటే కూర్చోలేదు. “ఆ రోజు తప్పు నా కంటిది. నా కొడుకు చేతిది కాదు. అందరూ వినండి,” అని చెప్పి, అంతే, వెనక్కి తిరిగారు. పిచ్చేశ్వరరావు గారు గేటు దాకా వచ్చి, ధనుష్ ఎప్పుడొస్తాడని నన్ను అడిగారు. నిషేధానికి వస్తాడని చెప్పాను. వస్తావు కదూ?

బావా, రేవు సంగతి ఆయన చూసుకున్నారు. నా సంగతి నేను చూసుకోవాలి. అందరికంటే ముందు నీ మాట నమ్మాల్సినదాన్ని, కంప్యూటర్లో చూసి గానీ నమ్మలేదు. నన్ను క్షమించు. కోపం ఉంటే దాచుకోకుండా ఉత్తరంలో రాయి, తిట్టి అయినా రాయి.

ఇక ఒక పని. ఈ ఉత్తరం శనివారానికల్లా నీకు అందుతుందని నూకరాజు అన్నయ్య అన్నాడు. ఆదివారం పదింటికి ఫోను చెయ్యి. నేను తియ్యను, అత్తా తియ్యదు. ఆయన చెప్పులు మాత్రం ముందే దాచేస్తాను. నీ పేరు చదవడానికి ఇప్పుడు ఆయనకి కన్ను ఉంది, తీసి ఏం చెప్పాలో తెలియక కొంచెం ఆలస్యం చేస్తారు. ఎన్నిసార్లు మోగినా నువ్వు మాత్రం పెట్టెయ్యకు.

ఇట్లు,
ఈసారి నీ చేతినే నమ్మే
నీ మేనమామ కూతురు, నీ భార్య,
సుమతి